మిషన్ కింద తెల్లగుడ్డ

ఈ మధ్య సీతాఫల్‌మండి స్టేషన్ దగ్గర ఒక చిన్న ప్రెస్సుకు వెళ్లాను. అక్కడ ఇంకా ఒక ట్రెడిల్ మిషన్ నడుస్తోంది. కాలితో తొక్కుతూ, ఒక్కొక్క కాగితం చేత్తో పెట్టి అచ్చు వేసే పాతకాలపు మిషన్. దాని కింద నేలకు జానెడు ఎత్తున ఒక తెల్లగుడ్డ వేలాడుతోంది. నాలుగు మూలలూ మిషన్ కాళ్లకు కట్టి ఉన్నాయి. గుడ్డలో వంకరగా అచ్చయిన పెండ్లిపత్రికలు కొన్ని పడి ఉన్నాయి.

"గిది ఎందుకు కట్టినవ్ తమ్మీ?" అని మిషన్ తొక్కుతున్నాయన్ని అడిగాను.

"పత్రికలు నేల మీద పడొద్దని కాకా. లక్ష్మి గద. మా ఉస్తాదు కడుతుండె, నేను కడుతున్న. ఎనుకటి సంది ఉన్నదే."

వెనుకటి నుంచి లేదు. ఆ గుడ్డ మొదట తార్నాకలో ఏ మిషన్ కింద కట్టారో, ఎవరు కట్టారో, ఎందుకు కట్టాల్సి వచ్చిందో నాకు తెలుసు. కట్టిన మనిషి తన ఊళ్లో చనిపోయారని ఆలస్యంగా విన్నాను. తానే కట్టానని చెప్పుకున్న మా సేటు అంతకు ముందే పోయాడు. నేను కూడా పోతే ఇక అది నిజంగానే వెనుకటి ఆచారం అయిపోతుంది. అందుకని రాస్తున్నాను. గుడ్డ కట్టిన ఆయన పేరు మాత్రం రాయడం లేదు. ఆయన ఇంటివాళ్లను అడిగి రాయాలి. అడగడానికి ముఖం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చదివితే తెలుస్తుంది.

అరవైల చివరి సంవత్సరాలు అవి. ఆయన యూనివర్సిటీ ఇంజనీరింగ్ వర్క్‌షాపులో విద్యార్థులకు పనిముట్లు పట్టడం నేర్పే ఉద్యోగి. అనంతపురం దిక్కు మనిషి. ఆదివారాలు మాత్రం క్యాంపస్ దాటి తార్నాక, సీతాఫల్‌మండి, బౌద్ధనగర్ వైపు వచ్చి కోత మిల్లుల్లో, పిండి గిర్నీల్లో, లేత్ షెడ్లలో, ప్రెస్సుల్లో పనివాళ్లను కూర్చోబెట్టి చేతులు, కళ్లు పోగొట్టుకోకుండా పని చేయడం ఎలాగో మాట్లాడేవారు. ఏదో పథకం కింద ఆయనకు ఆ పని అప్పగించారు. పథకం ఆగిపోయాక కూడా ఆయన రావడం మానలేదు. సైకిలు వెనక రగ్గులా చుట్టిన బొమ్మల పటాలుండేవి. పరాయి దేశపు ఫ్యాక్టరీలు, టోపీలు పెట్టుకున్న తెల్లవాళ్లు. షెడ్డుకు రాగానే వాటిని గోడకు తగిలించేవారు. అందరూ చూశాక, ఒక్కొక్కటీ తిప్పి బొమ్మను గోడవైపు పెట్టేవారు.

"వీళ్లు బాగుండారు. వీళ్లను వదిలేద్దాం. మన సంగతి చెప్పండప్పా" అనేవారు.

ఎప్పుడూ నిలబడి మాట్లాడలేదు. కట్టె మొద్దు మీదో, పిండి బస్తా మీదో కూర్చునేవారు. కూర్చునే ముందు గడియారం, ఉంగరం తీసి చొక్కా జేబులో వేసుకుని, పంచె కుచ్చెళ్లు బిగించి దోపుకునేవారు. మిషన్ ఆగి ఉన్నా సరే. తర్వాత ఒక ప్రశ్న అడిగేవారు. అడిగి, జేబులోంచి ఆకువక్క పొట్లం తీసేవారు. ఆకును తొడ మీద పెట్టి తుడవడం, ఈనె తీయడం, సున్నం రాయడం, వక్క పలుకులు ఏరడం. ఆ పని అయ్యేదాకా తలెత్తేవారు కాదు. ఆ మౌనం ఎవరో ఒకరు భరించలేక నోరు విప్పేవారు. "సార్, మొన్న నాది కూడ జరంతల తప్పింది" అని ఒకడు మొదలుపెడితే, ఇంకొకడు అందుకునేవాడు. తప్పిపోయిన ప్రమాదాల కథలే ఆయన పాఠం. తనంతట తాను చెప్పింది తక్కువ.

ఆయన నన్ను మొదట చూసింది యూనివర్సిటీ లైబ్రరీలో. నేను విద్యార్థిని కాను. తార్నాకలో నర్సయ్య సేటు ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని నాది. అంతకు ముందు ట్రెడిల్ మిషన్ తొక్కేవాణ్ని. ఆ మిషన్ దగ్గరే కుడిచేతి నడిమి వేలు, ఉంగరపు వేలు పోయాయి. పని అయ్యాక లైబ్రరీలో ఒక మూల కూర్చుని దొరికిందల్లా చదివేవాణ్ని. బడి అయిదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా ఆ బల్ల దగ్గరే. నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు పుస్తకాలు కూడా లాగించేవాణ్ని. ఆ సంగతి నలుగురికీ తెలిసేలా మాట్లాడేవాణ్ని కూడా.

ఒకనాడు ఎదురుగా ఒక పెద్దమనిషి కూర్చున్నారు. చాలాసేపు చూసి నెమ్మదిగా అన్నారు:

"ఏమప్పా, పేజీలన్నీ ఎడమచేత్తోనే తిప్పుతాండావు. ఆ కుడిచెయ్యి బల్ల కింద ఏం చేస్తాంది?"

నాకు ఒళ్లు మండింది. కానీ ఆయన గొంతులో వెటకారం లేదు. బయటికి పిలుచుకెళ్లి మెట్ల మీద కూర్చోబెట్టారు. ఆకువక్క మడిచి నా వైపు చాపారు. తాంబూలం ఎడమచేత్తో తీసుకోకూడదని తెలుసు. అయినా ఎడమచేత్తోనే తీసుకున్నాను.

"ఎట్ల పాయె?"

నేను అందరికీ చెప్పేదే చెప్పాను. "చదువుకుంట మిషన్ తొక్కిన సార్. ధ్యాస పుస్తకం మీదున్నది."

ఈ కథ మా సేటు పుట్టించాడు. ప్రెస్సుకు వచ్చిన ప్రతి గిరాకీకి చెప్పేవాడు. నాకు అది నచ్చింది కూడా. చదువు కోసం వేళ్లు పోగొట్టుకున్నవాడు అంటే అదో గొప్ప. నన్ను అందరూ 'లైబ్రరీ' అని పిలిచేవారు.

ఆయన ఆకు నములుతూ ఆలోచించారు. "ఆ మిషన్ నేనూ తొక్కినానప్పా. కుడిచేత్తో కాగితం పెట్టల్ల, ఎడమచేత్తో తియ్యల్ల. రెండు చేతులకీ పనే. మరి పుస్తకం యా చేత్తో పట్టుకుంటివి?"

నేను చేతిలోని తాంబూలం నోట్లో పెట్టుకున్నాను.

"పోనీలే. ఆ కాగితం మింద ఏముండింది?"

అంతవరకు నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. ఏ మిషన్, ఎంత నెత్తురు, ఎవరు ఆస్పత్రికి తీసుకుపోయారు, ఇవే అడిగేవాళ్లు. ఆయన ఇంకో ఆకు తీసి తొడ మీద తుడుస్తూ తల వంచుకున్నారు. ఈనె తీశారు. సున్నం రాశారు.

"పెండ్లిపత్రిక సార్" అన్నాను చివరికి.

లగ్గాల రోజులు. పసుపు పూసిన మూలలు, పైన లక్ష్మీదేవి బొమ్మ. మిషన్ నోరు తెరుచుకున్నప్పుడు పత్రిక పెడితే అది వంకరగా జారింది. బిల్లు కాగితమైతే పోనిచ్చేవాణ్ని. చాలాసార్లు పోనిచ్చాను. కానీ ఇది జారి కింద పడితే, నా కాళ్ల కింద, నూనె మరకల నేల మీద పడుతుంది. ఎవరి పెండ్లో నాకు తెలియదు. కానీ పెండ్లిపిల్లకు మంచిది కాదనిపించింది. చెయ్యి దానంతటదే పోయింది. కాలు తీశాను. కాలు తీసినా చక్రం వెంటనే ఆగదు.

నాకు సిగ్గయింది వేళ్లకు కాదు. ఇన్ని పుస్తకాలు చదివి, గ్రహణాల లెక్కలు, పిడుగుల సంగతులు నలుగురికీ వివరించే నేను, ఎవరో తెలియని పిల్లకు అరిష్టమని వేళ్లిచ్చుకున్నాను. దాని కన్నా పుస్తకం కథే నయమనిపించింది. ఇదంతా ఆయనకు చెప్పి, "ఎవ్వరికీ చెప్పొద్దు సార్" అన్నాను.

ఆయన నవ్వలేదు. "చెప్పను. అది నీది. చెప్పాలనుకుంటే నువ్వే చెప్పల్ల" అన్నారు.

తర్వాత ఆదివారాలు నేనూ ఆయన వెంట తిరిగాను. పటాలు తగిలించేది నేనే. ఒకసారి పిండి గిర్నీలో ఆయన ప్రశ్న అడిగే లోపల నేనే అందుకుని ఆవిరి యంత్రం పుట్టుక నుంచి మొదలుపెట్టాను. జొన్నలు పట్టించుకోవడానికి వచ్చిన ఒకామె డబ్బా పట్టుకుని నిలబడి అంతా ఓపిగ్గా విని, "అన్నీ మంచిగ చెప్పినవ్ గని, జొన్నలు ఎప్పుడు పడుతరు?" అంది. ఆయన పొలమారేదాకా నవ్వారు. దారిలో మాత్రం, "నువ్వు చదివింది నీకు బాగుండాది. వాళ్లకు నీ చెయ్యి కావల్ల" అన్నారు. నేను జేబులో ఉన్న చేతిని ఇంకా లోపలికి తోశాను.

మా ప్రెస్సులో నా బదులు మిషన్ తొక్కుతున్నది యాదగిరి. భువనగిరి దిక్కు నుంచి వచ్చినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. అక్షరం ముక్క రాదు. ఏ కాగితం తలకిందులుగా ఉందో బొమ్మను చూసి తెలుసుకునేవాడు. నా కథ విన్నప్పటి నుంచి అతనికి ధీమా.

"నాకేం భయమన్నా! నీకు చదువొచ్చు, ఏళ్లు పోయినయ్. నాకు చదువే రాదు, నా ఏళ్లకు ఢోకా లేదు!"

అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని. ఎదురుగా అతని చెయ్యి మిషన్ నోట్లోకి పోయి వస్తూ ఉండేది. మళ్లీ లగ్గాలు దగ్గర పడుతున్నాయి.

యాదగిరి అనే ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు. "మీ ప్రెస్సుకు వస్తానప్పా. సేటును అడుగు" అన్నారు.

యూనివర్సిటీ సారు వస్తున్నారంటే సేటుకు సంబరమే. ప్రెస్సు ఊడ్పించి, ఒక కుర్చీ తెప్పించాడు. ఆయన కుర్చీ పక్కకు జరిపి కాగితాల కట్ట మీద కూర్చున్నారు. గడియారం, ఉంగరం జేబులోకి పోయాయి. పటాలు తగిలించాం, తిప్పాం.

సేటు ముందే లేచాడు. "సార్, మా దగ్గర ట్రైనింగంటే గిదే. ఏమోయ్ లైబ్రరీ, చెయ్యి సూపియ్యి! చూసిన్రా? బుక్కు సదువుకుంట తొక్కిండు. పనికాడ బుక్కులు బంద్. అయిపాయె ట్రైనింగ్!"

యాదగిరి తన కుడిచెయ్యి పైకెత్తి వేళ్లాడించాడు. "నేను పాస్ సార్!"

ఆ నవ్వులు ఆగేదాకా ఆయన ఊరుకున్నారు. తర్వాత అందరినీ ఉద్దేశించి అడిగారు. "మిషన్ మూసుకుంటా ఉండేటప్పుడు మన చెయ్యి ఎందుకు లోపలికి పోతాది?"

ఆకువక్క పొట్లం బయటికి వచ్చింది. ఆకు తుడిచారు. ఈనె తీశారు. నాకు తెలుసు, ఆయన అడిగింది నన్ను. ఆ మౌనం నా కోసం పరిచింది. సున్నం రాస్తున్నారు, ఎంతసేపైనా రాస్తారు. యాదగిరి వేళ్లు విరుచుకుంటూ నా పక్కనే కూర్చున్నాడు. లేచి ఒక్క మాట చెప్తే చాలు, 'పుస్తకం కాదు, పత్రిక' అని. సేటు ముఖం చూశాను. కంపోజింగ్ వాళ్ల ముఖాలు చూశాను. రేపటి నుంచి నన్ను ఏమని పిలుస్తారో ఊహించాను. కూర్చున్నచోటు నుంచి లేవలేదు.

ఆయన ఆకు మడిచి నోట్లో పెట్టుకున్నారు. నా వైపు చూడలేదు. లేచి, అచ్చయి ఆరుతున్న పెండ్లిపత్రికల్లోంచి ఒకటి తీసి, చేయి చాపి వదిలేశారు.

అది నేలకు తగిలే లోపలే యాదగిరి ముందుకు దూకి పట్టుకున్నాడు. పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"ఎందుకు పడితివప్పా?"

"అయ్యో, పెండ్లిపత్రిక గద సార్! లక్ష్మమ్మ బొమ్మ ఉన్నది. నేల మీద ఎట్ల పడనిస్త?"

"మిషన్ నోట్లోనుంచి పడతాంటే?"

యాదగిరి చేతిలోని పత్రికను, మిషన్‌ను మార్చి మార్చి చూశాడు. ఆ క్షణంలో అతనికి అర్థమవుతోందని నాకనిపించింది. ఆయన ఇంకో పత్రిక తీశారు. "దీన్ని పట్టుకోవద్దు. పడనీ. అలవాటు చేసుకోవల్ల..."

"సార్!" సేటు అడ్డొచ్చాడు. "మీరు పెద్దలని పిలిచిన. గిరాకీ ఇచ్చిన పత్రికలు కింద పడేయించుడేంది? రేపు గా పిల్లకు ఏమన్న అయితే నా ప్రెస్సు పేరు ఖరాబు గాదా? ఇజ్జత్ పోతది. సాలు సార్, ఇగ మీరు నడువున్రి."

"సేటు మంచికే అంటాండారప్పా, నాకు తెలుసు" అని ఆయన మా వాళ్లతో అన్నారు, తన్ను పొమ్మన్నవాడి తరఫున. ఇప్పుడైనా లేచి 'సేటూ, నా వేళ్లు పోయింది దీనికే' అనవచ్చు. అలా అనగల మనిషి ఆ షెడ్డులో నేనొక్కణ్నే. నేను వెళ్లి పటాలు చుట్టాను. ఒంటిచేత్తో చుడితే వదులుగా వచ్చాయి. ఆయన తీసుకుని మళ్లీ గట్టిగా చుట్టారు.

క్యాంపస్ రోడ్డు దాకా సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. నేను పక్కన నడిచాను. తిడతారేమోనని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా. ఆయన ఒక్కటే అడిగారు. "ఆ యాదగిరి ఎన్ని గంటలకు వస్తాడు పనికి?"

మర్నాడు పొద్దున్నే వచ్చారు. పటాలు లేవు. సంచిలోంచి ఒక తెల్లగుడ్డ తీశారు. ఆయన పాత పంచె. అంచులు మడిచి కుట్టి, మూలలకు నాడాలు పెట్టి ఉన్నాయి. ఇంట్లో కుట్టించినట్టున్నారు. సేటు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"నిన్న తప్పు నాదేనప్పా. పత్రిక నేల మింద పడగూడదు, నువ్వు చెప్పిందే నిజం. అందుకని ఇది తెచ్చినా. మిషన్ కింద కట్టుకుంటే వంకర పోయిన పత్రిక దీంట్లో పడతాది. ఉతికిన గుడ్డ. దేవుని గుడ్డ మాదిరి పెట్టుకోండి."

తప్పు ఆయనది కాదు. సేటుకు మాత్రం ఆ మాట చాలు. "గట్ల చెప్పున్రి మరి!" అంటూ తానే వంగి ఒక మూల కట్టాడు. మిగతా మూలలు ఆయన కట్టారు. యాదగిరిని మిషన్ తొక్కమని, కావాలని వంకరగా ఒక పాడైన పత్రిక పెట్టించారు. అది జారింది. యాదగిరి చెయ్యి లేచింది.

"గుడ్డ ఉండాదప్పా" అన్నారు ఆయన మెల్లగా.

చెయ్యి ఆగింది. కాగితం గుడ్డలో పడింది. మళ్లీ పెట్టించారు, మళ్లీ. "గుడ్డ ఉండాది. గుడ్డ ఉండాది." చంటిపిల్లను పడుకోబెట్టే గొంతు అది. చెయ్యి లేవడమే మానేసే దాకా అక్కడే నిలబడి, కాలేజీకి ఆలస్యమైందని పరుగున పోయారు.

నేను అక్షరాల పెట్టెల దగ్గర నిలబడి అంతా చూశాను.

ఆ లగ్గాల్లో ఒక మధ్యాహ్నం నిజంగానే ఒక పత్రిక జారింది. మిషన్ నోరు మూసుకుంటోంది. యాదగిరి చెయ్యి కదిలి, గాలిలో ఆగి, వెనక్కి వచ్చింది. పత్రిక గుడ్డలో పడింది. అతను వంగి చూసి, ఏమీ జరగనట్టు ఇంకొకటి పెట్టాడు. అది నాకు తప్ప ఎవరికీ కనిపించలేదు.

సేటు త్వరలోనే ఆ గుడ్డను సొంతం చేసుకున్నాడు. పత్రికల కోసం వచ్చిన ప్రతివాడికీ చూపించేవాడు. "మా దగ్గర లక్ష్మి నేల మీద పడదు. నాకే తోచింది." వేరే ప్రెస్సుల వాళ్లు వచ్చి చూసి పోయారు, కట్టుకున్నారు. గిరాకీలు నన్ను చూసి, "నిజమేనా లైబ్రరీ?" అంటే నేను తలాడించేవాణ్ని. ఒకసారి మౌనంగా ఉన్నవాడికి రెండోసారి మౌనం తేలిక.

ఈ సంగతి ఆయనకు చెప్తే కోపం వస్తుందనుకున్నాను. "ఎవరి పేరైతే ఏముండాది! ఉతుకుతాండారా లేదా?" అని అడిగారు. ఉతకడం లేదు. మరుసటి ఆదివారం ఇంకో పంచె ముక్క తెచ్చి మార్చి, పాతది తీసుకుపోయారు. ఆ తర్వాత ఎన్నోసార్లు అలాగే.

ఆయన ఉద్యోగం ముగించుకుని తన ఊరికి వెళ్లే ముందు లైబ్రరీ మెట్ల మీద కలిశాం. ఆకువక్క మడిచి చాపారు. కుడిచెయ్యి జేబులోంచి సగం బయటికి తీశాను. అప్పుడే ఎవరో విద్యార్థులు మెట్లెక్కి వచ్చారు. ఎడమచేత్తో తీసుకున్నాను. ఆయన పొట్లం జేబులో పెట్టుకున్నారు. సైకిలెక్కి రోడ్డు మలుపు తిరిగారు.

ఇది రాయడానికి సాయపడినవాళ్లు ఉన్నారు. లైబ్రరీలో నౌకరు మల్లేశం, కార్డు లేని నన్ను ఆ మూల బల్ల దగ్గర అన్ని సంవత్సరాలు కూర్చోనిచ్చాడు, ఆయన పోయారన్న వార్త కూడా అతనే తెచ్చాడు. నా భార్య సత్తెమ్మ నా కోడిగీతలు కూడబలుక్కుని, "ఇన్నేండ్లు నాకు గూడ బుక్కు కథనే చెప్తివి" అని ఒక పూట మాట్లాడలేదు, తర్వాత కూర్చుని శుభ్రంగా నకలు రాసింది. సీతాఫల్‌మండి ప్రెస్సులో మిషన్ తొక్కే భిక్షపతి పని ఆపి నాకు టీ తెప్పించాడు, ఆ గుడ్డను ముట్టుకోనిచ్చాడు. నర్సయ్య సేటుకు కూడా కృతజ్ఞత చెప్పాలి. ఒక మూల కట్టింది ఆయనే. వీళ్లందరికీ దండాలు.

చివరగా యాదగిరికి. ఇప్పుడతను బైండింగ్ పని చేసుకుంటున్నాడు. చదవడం ఇప్పటికీ రాదు కాబట్టి ఇదంతా నేనే చదివి వినిపించాను. కుట్టే సూది పక్కన పెట్టి విన్నాడు. అయిపోయాక చాలాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు.

"మరి సారు గా గుడ్డ తేకపోతే అన్నా?" అన్నాడు.

నేను చదివిన కాగితాలు సర్దుతూ ఉండిపోయాను.

"కాగితాలు ఇటియ్యి. కుట్టి ఇస్త" అని చెయ్యి చాపాడు.

కుడిచేత్తో ఇచ్చాను.